ఐదు లెక్కపెట్టేలోగా

పోయిన నెల మా నేపర్‌విల్‌లో, తలా ఒక వంట చేసి తెచ్చుకునే పాట్‌లక్ ఒకదానికి వెళ్లాను. ప్లేటులో పులిహోర పెట్టుకుంటుంటే సుధాకర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. మాకు చాలా ఏళ్లుగా తెలిసిన మనిషి, ఏదో బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు, నన్ను అక్కా అంటాడు.

"అక్కా, మా మేఘన డాక్టరవుతానని చేరిన ప్రీ-మెడ్ డ్రాప్ చేసి మెడికల్ లాబ్ సైన్స్ అంటోంది. మీరే కొంచెం కూర్చోబెట్టి చెప్పాలి. మీ మాటైతే వింటది."

"ఏం చెప్పమంటావు?"

"అదే, లాబ్‌లో ఏముంటది? బ్లడ్ డ్రా చేసుకుంటూ కూర్చోవడమే కదా!"

నేను ఆస్పత్రి మైక్రోబయాలజీ లాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. ఒక్క మనిషి చేతిలోంచి ఒక్క చుక్క రక్తం తీసిన పాపాన పోలేదు. ఒళ్లు మండింది. ఆ మంట మింగేసి అమ్మాయిని పిలిచాను. తండ్రి చెప్పమన్నది చెప్పకముందే ఆ పిల్లే అడిగింది.

"ఆంటీ, బోర్ కొడుతుందని నాకు భయం లేదు. వేరే భయం ఉంది. నేను లాబ్‌లో మిస్టేక్ చేస్తే పేషెంట్ చచ్చిపోతారా?"

ఇది ఒక చేతిలో గారె పట్టుకుని చెప్పే జవాబు కాదు. అందుకని ఇంటికొచ్చి మేఘనకీ, ఆ వయసు పిల్లలకీ రాయడం మొదలుపెట్టాను. నా ప్రమోషన్లు, నేను రాసిన పరీక్షలు, వీసా కాగితాలు ఇందులో ఉండవు. అవి రాస్తే మీరు చదవరు, నాకూ విసుగు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం దాచకుండా రాస్తున్నాను.

మాకు రోగి కనపడడు

ముందు పని ఏమిటో తెలియాలి. మా దగ్గరికి రోగి రాడు. ఆయన చీమో, రక్తమో, మూత్రమో, వెన్నులోంచి తీసిన నీరో ఒక చిన్న సీసాలో వస్తుంది. సీసా మీద పేరు, పుట్టిన తేదీ, ఏ వార్డో రాసి ఉంటాయి. అందులో ఏ బాక్టీరియా ఉంది, దాన్ని ఏ మందు చంపుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడమే మా ఉద్యోగం. సీసాలోది కాస్త తీసి, లూప్ అనే సన్నటి తీగతో ప్లేటు మీద గీస్తాం. ప్లేటులో ఉండేది బాక్టీరియాకి తిండి. ఇవాళ గీస్తే రేపటికి చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి.

కాలేజీలో మెటబాలిజం పాఠం అనగానే పిల్లలకు నిద్రొస్తుంది. నేనూ ఎమ్మెస్సీలో ఆ చక్రాలన్నీ బట్టీపట్టి, పరీక్ష రాసి, మర్నాటికి మర్చిపోయినదాన్నే. లాబ్‌లో ఆ పాఠమంతా కలిపి ఒక్క ప్రశ్న: ఇది ఏం తింటుంది, తిని ఏం వదులుతుంది? మన పాట్‌లక్‌లో ఒకరికి ఎగ్‌లెస్ కావాలి, ఇంకొకరికి ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలి. బాక్టీరియాకీ అంతే పట్టింపు. పాలలో ఉండే చక్కెరని, రంగు మారే మందుని కలిపి చేసిన ప్లేటు ఒకటి ఉంటుంది. ఆ చక్కెర తినగలిగినవి ఆమ్లం వదిలి గులాబీ రంగుకి తిరుగుతాయి, తినలేనివి రంగు లేకుండా అలాగే పడి ఉంటాయి. ఇంట్లో పాలు తోడుపెట్టడం చూసినవాళ్లకు ఇదేం కొత్త విద్య కాదు. పెరుగు పులిసిందంటే అర్థం అదే, కంటికి కనపడనిది ఏదో తిని ఆమ్లం వదిలింది.

ప్లేటు రేపటి మాట. ప్రాణం మీదికొచ్చిన రోగికి రేపటిదాకా ఆగే వీలుండదు. అప్పుడు చేసేది గ్రామ్ స్టెయిన్. గాజు స్లైడు మీద ఒక చుక్క ఆరబెట్టి ఊదా రంగు పోస్తాం. ఆ రంగు గట్టిగా పట్టడానికి అయోడిన్ పోస్తాం. తర్వాత ఆల్కహాల్‌తో కడుగుతాం. బాక్టీరియా కణానికి చుట్టూ గోడ ఉంటుంది, కొన్నిటికి మందంగా, కొన్నిటికి పలచగా. మందపు గోడకి పట్టిన రంగు బొంతకి పట్టిన మరకలాంటిది, కడిగినా పోదు. పలచటి గోడవి ఒక్క జాడింపుకే వెలిసిపోతాయి. చివర గులాబీ రంగు పోస్తే, వెలిసిపోయినవి దాన్ని పట్టుకుంటాయి. ఊదాగా కనపడితే గ్రామ్ పాజిటివ్, గులాబీగా కనపడితే గ్రామ్ నెగటివ్. పది నిమిషాల్లో డాక్టరుకు ఫోన్ చేసి చెప్పచ్చు.

కిటుకంతా ఆల్కహాల్ పోసే ఆ కాసేపట్లోనే ఉంది. తక్కువైతే అన్నీ ఊదాగా మిగిలిపోతాయి. ఎక్కువైతే మందపు గోడలు కూడా ఓడిపోయి అన్నీ గులాబీ అయిపోతాయి.

డొలొరెస్

మా సూపర్‌వైజర్ పేరు డొలొరెస్. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనిషి, నా భుజం దాకా వస్తుందేమో, కానీ ఆమె లోపలికొస్తే రెసిడెంట్ డాక్టర్లు కూడా గొంతు తగ్గించేవాళ్లు. ఆదివారం ఆమెకు సెలవు. అయినా చర్చి అయ్యాక, భోంచేసి, అదే మంచి గౌను మీద తెల్లకోటు వేసుకుని లాబ్‌కి వచ్చి ప్లేట్లు చూసి వెళ్లేది. మాకది చచ్చే చిరాకు.

ఇంకో అలవాటు ఉండేది. వెన్నునీరు స్లైడు ఎవరు చూసినా సరే, ఫోన్ చేసేశాకైనా సరే, ఆమె రెండోసారి చూడాలి. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, మా మీద అంత నమ్మకం లేదా అని.

"నీ మీద ఉంది. కళ్ల మీద లేదు. నా కళ్ల మీద కూడా," అంది.

తర్వాత చాలామంది బాసుల్ని చూశాను. మంచి మాటలు చెప్పేవాళ్లు, పుట్టినరోజుకి కేకు తెచ్చేవాళ్లు, లూప్ ఏ చివర పట్టుకోవాలో తెలియనివాళ్లు. డొలొరెస్ నన్ను ఒక్కసారి కూడా పొగడలేదు. పని మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ ఆదివారం

నేను చేరిన మూడో ఏడు. ఆ వారమే లాబ్‌లో కడిగే మందు మార్చారు. అంతకుముందు ఉట్టి ఆల్కహాల్, నిదానంగా పనిచేసేది. కొత్త సీసాలో అసిటోన్ కూడా ఉంది, చాలా త్వరగా కడిగేస్తుంది. సింకు పైన కాగితం అంటించారు: ఐదు లెక్కపెట్టి వెంటనే నీళ్లు పోయాలి. చదివాను, సంతకం పెట్టాను. రంగులు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి రోజూ తెలిసిన బాక్టీరియాతో ఒక స్లైడు చేస్తారు. ఆ పొద్దున దాన్ని నాకంటే ముందు షిఫ్టు ఆవిడ చేసి, బాగుందని రాసి వెళ్లింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఎమర్జెన్సీ నుంచి వెన్నునీరు వచ్చింది. యాభై దాటిన ఆడమనిషి. మెనింజైటిస్ అనుమానం, అంటే మెదడు చుట్టూ ఉండే పొరలకు ఇన్ఫెక్షన్. అలాంటి రోగికి గంట ఆలస్యమైనా మాటలు కాదు. సీసాలో ఉన్నదే కొంచెం. ప్లేట్లకు పోగా స్లైడు చేశాను. మైక్రోస్కోప్ కింద జంటలు జంటలుగా గుండ్రటి కణాలు, చక్కటి గులాబీ రంగులో కనిపించాయి. మెనింగోకాకస్! మెనింజైటిస్ తెచ్చే ఆ గులాబీ జంటల్ని పుస్తకంలో తప్ప చూడలేదు, ఇప్పుడు నా స్లైడు మీద ఉన్నాయి. గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి?

ఫోన్ చేశాను. డాక్టర్ పడుచువాడే, మర్యాదగా మాట్లాడాడు.

"గ్రామ్ నెగటివా? అయితే ఇప్పుడు ఎక్కుతున్న మందు చాలు, రెండో మందు ఆపేస్తాను. ఆమె కిడ్నీలు అసలే బాగాలేవు, నర్సు ఇప్పుడే ఎక్కించబోతోంది. ఆమె ప్రీస్కూల్ టీచర్. ఇది అంటుకునేది, ఆ పిల్లలందరి ఇళ్లకు ఫోన్ చేయించి ముందుజాగ్రత్త మందు ఇప్పించాలి. మీరు ష్యూరేనా?"

"హండ్రెడ్ పర్సెంట్," అన్నాను.

ఆ మాట ఎవరూ నన్ను అనమనలేదు. చూసింది చెప్పి ఊరుకుంటే సరిపోయేది. పిల్లలూ, ఈ ఉద్యోగంలో మీ నోటినుంచి రాకూడని మాట ఏదైనా ఉంటే అదే.

చివరి చుక్క

మూడు కావస్తుండగా డొలొరెస్ వచ్చింది. కోటు వేసుకుని నా స్లైడు ముందు కూర్చుంది. ఎప్పుడూ అర నిమిషం చూసేది, ఆ రోజు ఎంతకీ లేవలేదు.

"ఏం చూశావు?"

"గులాబీ రంగు."

"అది రంగు. ఆకారం ఏం చూశావు?"

రంగు కనపడగానే నేను చూడటం ఆపేశాను. కుర్చీ జరిపి నన్ను చూడమంది.

"మెనింగోకాకస్ జంట రెండు కాఫీ గింజల్లా ఉంటుంది, చదునైన వైపులు ఎదురెదురుగా. వీటి బయటి కొసలు చూడు. మొనదేలి ఉన్నాయి. ఇది న్యూమోకాకస్ ఆకారం, దాని గోడ మందం, అది ఊదాగా ఉండాలి. ఆకారం ఒకటి చెబుతోంది, రంగు ఇంకొకటి చెబుతోంది. ఏదో ఒకటి అబద్ధం. నీరు ఇంకా ఎంత ఉంది?"

సీసా వంచి చూశాను. ఒక్క చుక్క ఉంది. అది పాడుచేస్తే మళ్లీ కావాలంటే ఆమె వెన్నులో మళ్లీ సూది గుచ్చాలి.

మీరే చేయండి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"నువ్వే చెయ్యి. ఎలా చేస్తావో అలాగే. పైకి లెక్కపెట్టు."

ఊదా రంగు, నీళ్లు, అయోడిన్, నీళ్లు. స్లైడు ఏటవాలుగా పట్టుకుని కొత్త మందు పోయడం మొదలుపెట్టాను. పైకి లెక్కపెట్టమంటే నాకు ఇంగ్లిష్ రాలేదు. ఎప్పుడూ రాదు. ఎన్నేళ్లున్నా, పిల్లలతో ఇంగ్లిష్‌లో తగువులాడినా, లెక్క మాత్రం నా నోట్లో తెలుగులోనే తిరుగుతుంది, అదీ బళ్లో ఎక్కాలు చదివిన రాగంతో. "ఒకటీ... రెండూ... మూడూ..."

డొలొరెస్ చటుక్కున నా చెయ్యి పట్టుకుని స్లైడుని పంపు కిందికి తోసింది.

"ఇంకా ఐదు కాలేదు," అన్నాను.

"నీ మూడుకే అయిపోయింది," అంది. ఆమె ఇంకో చేతిలో వాచీ ఉంది. కాగితం రాసినావిడ ఇంగ్లిష్‌లో గబగబా ఐదు అంకెలు అనుకుని రాసింది. నా ఐదు దానికి రెట్టింపు. పాత ఆల్కహాల్ నిదానం కాబట్టి ఆ తేడా అన్నాళ్లూ బయటపడలేదు. కొత్త మందు క్షమించలేదు.

స్లైడు ఆరింది. ఇద్దరం వంతులవారీగా చూశాం. అవే జంటలు, అవే మొనలు. ముదురు ఊదా రంగులో ఉన్నాయి.

ఫోన్

డొలొరెస్ ఫోన్ తీసి నా ముందు పెట్టింది. చెయ్యమని కూడా అనలేదు. నాకు ఆ క్షణాన లాబ్ వదిలి పార్కింగ్‌లో ఉన్న కారులోకి పారిపోవాలనిపించింది. నిజంగానే తలుపు వైపు చూశాను.

"నేను మైక్రోబయాలజీ నుంచి. ఇందాక చెప్పింది తప్పు. అవి గ్రామ్ పాజిటివ్. న్యూమోకాకస్‌లా ఉన్నాయి. స్లైడు ఎక్కువ కడిగాను, పొరపాటు నాదే."

అవతల ఆయన ఎవరికో గట్టిగా చెప్పడం వినపడింది, రెండో మందు ఇప్పుడే ఎక్కించండి, ఇప్పుడే, పిల్లల ఇళ్లకు ఫోన్లు ఆపండి అని. మళ్లీ నాతో మాట్లాడాడు. మర్యాద గొంతులోంచి పోయింది.

"రెండు గంటలు పోయాయి. మీకు తెలుసా ఆ రెండు గంటలంటే ఏమిటో?"

"తెలుసు," అన్నాను.

"ఫోన్ చేశారు, థాంక్యూ," అని పెట్టేశాడు. ఆ థాంక్యూ వెటకారమా, నిజమా అని చాలా రోజులు ఆలోచించాను. ఇప్పుడు నిజమనే అనుకుంటున్నాను. చేయకపోయినా ప్లేటు మర్నాడు నిజం చెప్పేది, కానీ అప్పటికి రెండు గంటలు ఇరవై గంటలయ్యేవి.

సోమవారం ప్లేటు మీద పెరిగింది న్యూమోకాకసే. గొర్రె రక్తం కలిపిన ఎర్రటి ప్లేటు మీద అది పెరిగినచోటల్లా చుట్టూ ఆకుపచ్చగా మారుస్తుంది, అది వదిలే రసాయనం చేసే పని అది. మంగళవారం మందుల పరీక్ష తేలింది. మొదటి మందు దాని మీద అరకొరగానే పనిచేస్తోంది. పూర్తిగా చంపేది రెండోదే, నేను ఆపించినది. ఆ కాగితం చదివి కోల్డ్ రూమ్‌లోకి వెళ్లి ప్లేట్ల అట్టపెట్టెల మధ్య నిలబడి ఏడ్చాను. అక్కడ ఏడిస్తే ఎవరికీ వినపడదు, చలికి త్వరగా ఆగిపోతుంది కూడా.

ఆమె బతికే ఉందా? అది తెలుసుకునే దారి నాకు లేదు. కంప్యూటర్లో పేరు కొడితే రెండు నిమిషాల పని. కానీ పనికి అవసరం లేకుండా రోగి ఫైలు తెరవకూడదు, తెరిస్తే ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. మాకు రోగి సంగతి తెలిసేది కొత్త సీసా వచ్చినప్పుడే. అదే పేరుతో సీసా వస్తే బతికుందని. రాకపోతే ఇంటికి వెళ్లిందనో, ఇక లేదనో. ఏదో మాకు ఎవరూ చెప్పరు.

ఎవరు తప్పు చేస్తే వాళ్లే నేర్పాలి

నన్ను తీసేస్తారనుకున్నాను. కనీసం వెన్నునీరు ముట్టుకోనివ్వరనుకున్నాను. జరిగిన పొరపాటు మీద రిపోర్టు ఇద్దరం కూర్చుని రాశాం. రాయడం అయ్యాక డొలొరెస్ కాగితాలు సర్దుకుంటూ అంది.

"బుధవారం కొత్తతను చేరుతున్నాడు. గ్రామ్ స్టెయిన్ నువ్వు నేర్పు."

"నేనా? తప్పు చేసింది నేను కదా!"

"అందుకే. ఎప్పుడూ తప్పు చేయనివాళ్లు ఇది ఎంత తేలికో నేర్పుతారు. నువ్వు ఎక్కడ జారుతుందో నేర్పుతావు. ఈ లాబ్‌లో ఎవరు తప్పు చేస్తే ఆ పని వాళ్లే నేర్పాలి. ప్లేట్లు గీయడం ఇక్కడ ఇరవై ఏళ్లుగా నేను నేర్పుతున్నాను. ఎందుకో ఎప్పుడూ అడగలేదే?"

అడగలేదు. ఆ రోజు చెప్పింది. అదిక్కడ రాయను, అది ఆమె చెప్పుకోవాల్సిన కథ.

కొత్తతను పేరు మార్కస్. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, గుమ్మం నిండా ఉండేవాడు. నా తప్పు మొత్తం చెప్పాను, హండ్రెడ్ పర్సెంట్ అన్న మాటతో సహా. తర్వాత రెండు రకాల బాక్టీరియా ఉన్న స్లైడు ఇచ్చి అతన్ని కడగమన్నాను. కవాతులో అరిచినట్టు ఐదు అంకెలూ ఒక్క ఊపిరిలో ముగించాడు. స్లైడంతా ఊదా! నాది నత్తనడక, అతనిది పరుగు, ఇద్దరిదీ తప్పే. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఆదివారం తర్వాత నేను నవ్వింది అప్పుడే. ఆ మధ్యాహ్నమే కాగితం మీద "లెక్కపెట్టి" అన్నది కొట్టేసి సెకన్లు రాశాం, సింకు పక్కన టైమర్ అంటించాం.

ఆ సాయంత్రం ఒక సీసా వచ్చింది. వెన్నునీరు. అదే పేరు. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి మళ్లీ తీశారన్నమాట. నేను వెనక్కి జరిగాను. డొలొరెస్ సీసా తీసుకొచ్చి నా చేతిలోనే పెట్టింది. టైమర్ నొక్కి కడిగాను. స్లైడంతా వెతికాను, ఒక్క జంట కూడా లేదు. ఫోన్ చేసి "బాక్టీరియా ఏమీ కనపడలేదు" అని చెప్పి, ఇంకేమీ చెప్పకుండా పెట్టేశాను. ప్లేట్ల మీద కూడా ఏమీ పెరగలేదు.

ఇప్పుడు స్లైడు కడగడానికి యంత్రం ఉంది. చుక్క పెడితే నిమిషాల్లో బాక్టీరియా పేరు చెప్పే యంత్రం కూడా ఉంది. నేను వాటికి వ్యతిరేకిని కాను, అవి నాకంటే బాగా లెక్కపెడతాయి. కానీ రంగు ఒకటి, ఆకారం ఒకటి చెబుతున్నప్పుడు ఆగి "ఏది అబద్ధం?" అని అడగడం వాటికి ఇంకా రాలేదు.

మేఘనా, మిస్టేక్ చేస్తే పేషెంట్ చచ్చిపోతారా అని అడిగావు. అవును, పోవచ్చు. చెయ్యనని నువ్వు మాటివ్వలేవు. తప్పు తెలిసిన నిమిషంలో ఫోన్ తీస్తానని మాత్రం మాటివ్వగలవు. అది ఇవ్వగలిగితే రా, ఈ పనికి నీలాంటి భయం ఉన్నవాళ్లే కావాలి. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

చివరగా

ఆ రెండో సీసా తర్వాత ఆమె పేరుతో ఇంకేమీ రాలేదు. వారాలు గడిచాయి. రోజూ పొద్దున వచ్చిన సీసాలు సర్దుతూ, పనిలో పనిగా ఆ పేరు కోసం చూసేదాన్ని. ఈ జబ్బులో బాక్టీరియా చచ్చాక కూడా మనిషి దక్కకపోవచ్చు, దక్కినా చెవులు పోవచ్చు. రాని సీసా గురించి ఎవరినడగను?

వేసవి వచ్చింది. ఒక మంగళవారం క్లినిక్కుల నుంచి వచ్చిన ట్రే ముందు పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ మూత్రపు డబ్బాలు, మా పనిలో అంతకంటే చప్పటి పని లేదు. నాలుగోదో ఐదోదో చేతిలోకి తీసుకుని లేబుల్ చదివాను. అదే పేరు. పుట్టిన తేదీ చూశాను. మళ్లీ చూశాను. వార్డు ఉండాల్సినచోట మామూలు క్లినిక్ పేరుంది. జబ్బు రాసేచోట ఒక్కటే మాట, మంట.

అంటే ఆమె ఇంటికి వెళ్లింది. మొన్న పొద్దున లేచింది, మంటగా ఉందని విసుక్కుంది, అపాయింట్‌మెంట్ తీసుకుంది, తన కాళ్ల మీద తను నడిచి క్లినిక్‌కి వెళ్లింది. డబ్బా పట్టుకుని అలాగే ఏడ్చేశాను. కోల్డ్ రూమ్ దాకా కూడా వెళ్లలేదు.

మార్కస్ కంగారుగా వచ్చాడు. "ఏమైంది? ఎవరైనా పోయారా?"

"లేదు," అన్నాను, "ఒకావిడకి మూత్రంలో మంట."